కిటికీలోంచి తీసిన ఫోటో

దేవదాసుకు ఉన్న పిచ్చి ఒక్కటే. కల్లు ముట్టడు, పేకముక్క పట్టడు, జాతరలో జూదం బల్ల వైపు కన్నెత్తి చూడడు. కానీ మెడకు ఆ నల్లటి డబ్బా వేలాడకుండా మాత్రం బస్సు ఎక్కడు. సిద్దిపేట నుంచి సికింద్రాబాదుకు ఒకరోజు పోవడం, మర్నాడు రావడం, అదీ అతని డ్రైవరు పని. రెండో ప్రపంచయుద్ధం అప్పుడే ముగిసింది గానీ పెట్రోలు ఇంకా సరిగా దొరకడం లేదు. బస్సు వెనక పెద్ద కొలిమి కట్టి, బొగ్గు మండించి, ఆ గ్యాసుతోనే బండి నడిపేవారు. ఎత్తు వచ్చినప్పుడల్లా బండి ఆయాసపడి ఆగిపోయేది. ప్రయాణికులు దిగి నెట్టేవారు. క్లీనరు సారయ్య ఇనుప చువ్వతో కొలిమిని కెలికేవాడు. మిగతా డ్రైవర్లకు అది శని పట్టినట్టుండేది. దేవదాసుకు మాత్రం పండుగ. బండి ఆగిందంటే కెమెరా మూత తీయవచ్చు.

ఆ కెమెరా అతనికి హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో, పాత తాళాలకూ పగిలిన గ్రామఫోను రికార్డులకూ నడుమ దొరికింది. అట్టపెట్టెలాగే ఉంటుంది. ముందు ఒక కన్ను, పక్కన తిప్పే చెవి, పైన చిన్న అద్దం. దాన్ని పొట్టకు ఆనించి పట్టుకుని, తల వంచి, పై అద్దంలో చూస్తూ మీట నొక్కాలి. అది తెలియని వాళ్లు, "దేవదాసు డబ్బకు దండం వెడ్తుండు" అని నవ్వేవారు. అతను ఏమీ అనుకునేవాడు కాదు. కొలిమి పొగతో మొఖమంతా నల్లబడి పళ్లు మాత్రమే తెల్లగా మెరిసే సారయ్యను తీశాడు. ప్రజ్ఞాపూరు దగ్గర బాటంతా నిండిన గొర్రెలమందను తీశాడు. బస్టాండు పక్కన హోటల్లో బాలయ్య చెయ్యి తల మీదికెత్తి చాయ్ తిరగబోస్తుంటే తీశాడు. సికింద్రాబాదులో ప్రభాకర్ అనే ఫోటోల స్టూడియో అతను ఫిల్ము కడిగి, అరచేతిలో పట్టేంత ఫోటోలు అచ్చువేసి ఇచ్చేవాడు. వాటిని బిస్కెట్ల డబ్బాలో దాచుకుని, తీరినప్పుడల్లా చూసుకోవడం, దోస్తులకు చూపించడం, అంతే. ఎవరి దగ్గరా పైసా తీసుకున్నది లేదు.

ఆ దోస్తుల్లో అందరికంటే దగ్గరివాడు భిక్షపతి. బట్టలు నేసే సాలోల్ల వాడలో ఆయనది పేరున్న చెయ్యి. కోక అంచు మీద తలపై కుండ పెట్టుకుని నడిచే గొల్లభామను నేయడంలో ఆయనకు ఆయనే సాటి అనేవారు. అంగుళమంత బొమ్మ. ఒక్కో పోగూ వేళ్లతో ఎత్తి, రంగు దారం దూర్చి, కట్టి, మళ్లీ ఇంకో పోగు. పొద్దంతా కూర్చుంటే నాలుగు వేళ్ల అంచు సాగడమే గగనం. మనిషి కూడా ఆ పేరుకు తగ్గట్టే ఉండేవాడు. నిటారైన నడక, నిమ్మకాయ నిలబడే మీసం. ఏటా వాడలో పాండవుల కథతో ఆడే వీధి భాగవతంలో ధర్మరాజు వేషం ఆయనదే. వేషం తీసేసినా ఆ ధర్మరాజు పూర్తిగా దిగిపోయేవాడు కాదు.

సావుకారు చీరల మూట తీసుకుని సికింద్రాబాదు పోయేటప్పుడు భిక్షపతి డ్రైవరు పక్క సీట్లో కూర్చుని దారంతా కథలు చెప్పేవాడు. అట్లా కలిసింది వాళ్లకు. తర్వాత సాయంత్రాలు దేవదాసు ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని పొద్దుపుచ్చేవాడు. గడప దాటి లోపలికి మాత్రం ఎన్నడూ పోలేదు. పొమ్మన్న వాళ్లూ లేరు, వద్దన్న వాళ్లూ లేరు. ఏసు దేవుణ్ణి మొక్కే గూడెపు ఇంటి బిడ్డ సాలోల్ల ఇంట్లో ఎంతవరకు నడవాలో ఆ ఊళ్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. అరుగు అతని జాగ. భిక్షపతి భార్య అంజవ్వ అక్కడికే మంచినీళ్లు తెచ్చి పోసేది, నవ్వుతూ పలకరించేది.

ఒక ఆదివారం ప్రార్థన ముగించుకుని దేవదాసు అటుగా వచ్చాడు. వీధి తలుపు మూసి ఉంది. లోపల మగ్గం చప్పుడు వినిపిస్తోంది. పిలుద్దామని పక్క సందులోని కిటికీ దగ్గరికి పోయి తొంగి చూసి, అక్కడే ఆగిపోయాడు.

ఇంటి పైకప్పులో ఒక పెంకు జరిగి ఉంది. ఆ సందులోంచి ఎండ జానెడు వెడల్పున దిగి సరిగ్గా మగ్గం మీద పడుతోంది. దూది నలుసులు ఆ ఎండలో తేలుతున్నాయి. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని ఒకరు నేస్తున్నారు. పక్కన నేల మీద ఒకరు రాట్నం తిప్పుతూ కండెలకు దారం చుడుతున్నారు. దేవదాసుకు ఆ క్షణాన వాళ్లు ఎవరన్నది పట్టలేదు. ఆ ఎండ పట్టింది. పిలిస్తే లేచి వస్తారు, ఎండ పక్కకు జరిగిపోతుంది. కెమెరాను కిటికీ గట్టు మీద పెట్టి, ఊపిరి బిగబట్టి, మీట లాగి కొంచెంసేపు అట్లాగే ఉంచి, మూశాడు. మగ్గం చప్పుడులో లోపలివాళ్లకు ఏమీ వినబడలేదు. దొంగతనంగా మామిడికాయ కోసుకున్న వాడిలా ఆనందంగా అతను ఇంటికి పోయాడు.

తర్వాతి వారం సికింద్రాబాదులో ఆ ఫోటో చేతికి వచ్చినప్పుడు ప్రభాకర్ కూడా మెచ్చుకున్నాడు. "ఇన్నాళ్ల సంది తీస్తున్నవ్ గని దేవదాసూ, గిసుంటిది ఒక్కటి గూడ తియ్యలే" అన్నాడు. నేసే మనిషి చేతులు కదిలినందువల్ల పొగలాగా చెదిరిపోయాయి. రాట్నం గుండ్రటి మబ్బులాగా ఉంది. నేసే మొఖం మాత్రం చెక్కినట్టు వచ్చింది. దేవదాసు దారి పొడుగునా దాన్ని జేబులోంచి తీసి చూసుకుంటూనే ఉన్నాడు. సిద్దిపేటలో బండి ఆపి, నేరుగా బాలయ్య హోటలుకు పోయి, అందరి ముందూ బల్ల మీద పెట్టాడు.

చాయ్ తాగేవాళ్లు చేతులు మార్చుకుంటూ చూశారు. నేతగాళ్లకు నూలు ఇచ్చి చీరలు తీసుకుపోయే సావుకారు దత్తాత్రి కూడా అక్కడే ఉన్నాడు. ఆయన ఫోటోను చాలాసేపు చూశాడు. మళ్లీ చాయ్ గ్లాసు అందుకున్నాడు. పక్కన కూర్చున్న దర్జీ అంజన్న మాత్రం లాక్కుని చూసి, గట్టిగా నవ్వాడు.

"అరె, గిదేంది! మగ్గం మీద అంజవ్వ, రాట్నం కాడ భిక్షపతి! కోడిపెట్ట కూస్తున్నది, పుంజు గుడ్లు పెడ్తున్నది!"

హోటలంతా ఘొల్లుమంది. అప్పుడు గానీ, ఇంతసేపూ ఆ ఎండనే చూసి మురిసిన దేవదాసుకు తను తీసింది ఏమిటో తలకెక్కలేదు. ఆ వాడలో మగ్గం మగవాడిది, రాట్నం ఆడదానిది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్నదే. గొల్లభామ అంచు మీద భిక్షపతి పేరు ఊరంతా మోగుతుంటే, నేస్తున్న చేతులు వేరేవని తను తీసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. ఫోటో కోసం చెయ్యి చాపాడు. సరిగ్గా అప్పుడే భిక్షపతి లోపలికి వచ్చాడు.

"ఏందే, గింత సంబురం?" అన్నాడు నవ్వుతూ.

"రా అక్కా, రా. కండెలన్ని సుట్టుడు అయినాదె?" అన్నాడు అంజన్న.

భిక్షపతి నవ్వు ఆగిపోయింది. ఎవరో ఫోటో చేతికిచ్చారు. దాన్ని చేతి పొడుగునా దూరంగా పట్టుకుని చూశాడు, మళ్లీ దగ్గరికి తెచ్చుకుని చూశాడు. మొఖం కందిపోయింది. బల్ల మీద పెట్టి, దేవదాసు వైపు తిరిగాడు.

"నా ఇంట్లకు దొంగలెక్క తొంగిసూస్తివా తమ్మీ? అరుగు సాలదనిపిచ్చిందా?"

అంతే అన్నాడు. బాలయ్య పోసిన చాయ్ అట్లాగే ఉండగా, భాగవతంలో అడవికి పోయే ధర్మరాజులాగే నిటారుగా నడుచుకుంటూ వెళ్లిపోయాడు. దేవదాసుకు తల కొట్టేసినట్టయింది.

ఇంట్లో భార్య రూతమ్మకు చెప్పుకుంటే ఆమె జాలిపడలేదు. "ఇంటి సంగతి దర్వాజలకెళ్లి బయటికి రావాలె, కిటికీలకెళ్లి గాదు. పొయ్యి కాళ్లు మొక్కు" అంది. మర్నాడు అతనికి సికింద్రాబాదు డ్యూటీ. పోయి వచ్చిన సాయంత్రం సాలోల్ల వాడకు పోయాడు. అరుగు మీద కూర్చోవడానికి మనసు రాక కింద నిలబడి పిలిచాడు. భిక్షపతి బయటికి రాలేదు. లోపల మగ్గం చప్పుడు అవుతోంది గానీ అదేదో తప్పులు పోతున్నట్టుంది. రెండు దెబ్బలు, నిలుపు. మళ్లీ ఒక దెబ్బ, నిలుపు. కుంటి ఎద్దు నడిచినట్టు. ఇట్లా రెండు మూడుసార్లు పోయి ఊరికే తిరిగి వచ్చాడు. బజార్లో ఎదురుపడితే భిక్షపతి రోడ్డుకు అవతలి పక్కన నడిచేవాడు. కెమెరా గూట్లో పడి ఉంది. ఎత్తు మీద బండి ఆగినా దేవదాసు సీట్లోంచి దిగేవాడు కాదు. "ఏందే, నీ డబ్బ సచ్చిందా?" అని సారయ్య అడిగితే బండి అద్దం తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ఒకనాడు పొద్దున బస్టాండు బావి దగ్గర అతను బండి కడుగుతుంటే అంజవ్వ బిందె చంకన పెట్టుకుని వచ్చింది. బస్టాండు బావి ఆమె వాడకు దగ్గరేమీ కాదు. నీళ్లు ఒక సాకు.

"దేవదాసూ, ఆ ఫోటువ నీ దగ్గర్నే ఉన్నదా?"

దేవదాసు చేతిలోని బట్ట కింద పెట్టాడు. "ఉన్నది వదినె. తప్పయింది. గిప్పుడే సింపేస్త. నీ కండ్ల ముందటనే సింపేస్త."

"ఎందుకు సింపుడు? నాకియ్యి."

అతను సీటు కింది బిస్కెట్ల డబ్బా తీసి, ఫోటో ఆమె చేతిలో పెట్టాడు. అంజవ్వ తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని అందుకుంది. బిందె చంకలోంచి జారుతుంటే దాన్ని కింద పెట్టింది గానీ కళ్లు ఫోటో మీది నుంచి తీయలేదు.

"గిది నేనేనా?" అంది చివరికి. "మగ్గం మీద కూసుంటే నేను గిట్ల ఉంటనా? ఇన్నిదినాలల్ల నన్ను ఎవ్వలు సూడలేదు దేవదాసూ. తలుపులు మూసుకొని నేసుడేనాయె."

అప్పుడు చెప్పింది. వాళ్ల తల్లిగారిల్లు నారాయణరావుపేట. తండ్రికి మగపిల్లలు లేరు, అందుకని బిడ్డకే నేత నేర్పాడు. పెళ్లయి వచ్చాక ఆమె అందరిలాగే రాట్నం పట్టుకుంది. కానీ రెండేళ్ల నుంచి భిక్షపతికి దగ్గరి వస్తువు కనబడడం లేదు.

"దూరంగ చెట్టు మీద పిట్టను గూడ సూస్తడు. ముంగట ఉన్న పోగు కనవడది. గొల్లభామ ముక్కు ఒకదిక్కు, కుండ ఒకదిక్కు వోతుండె. నేనే అన్న, లే నేను గూసుంట అని. గిప్పుడు నలుగురు నవ్విన్రని నన్ను మగ్గం దిగుమన్నడు. తనే గూసుంటుండు. దారాలు తెంపుకుంటుండు, మీద తిట్టుకుంటుండు. దత్తాత్రి సావుకారి కోక సగం ఖరాబయింది."

దేవదాసుకు హోటల్లో భిక్షపతి చెయ్యి చాపి ఫోటోను దూరంగా పట్టుకున్న తీరు కళ్లముందు కదిలింది. "అద్దాలు వెట్టుకుంటే అయిపాయె గదనే వదినె! సికింద్రాబాదుల దుకాణం ఉన్నది. బండి నాదే. తోల్కపోత."

"నువ్వు సెప్తె వస్తడా? నేను సెప్తె వస్తడా? ముసలోడినా అని మీదవడ్తడు." అంజవ్వ ఫోటోను రవికెలో దాచుకుని, బిందె ఎత్తుకుంది. రెండడుగులు వేసి తిరిగి చూసింది. "ఫోటువ మంచిగ తీసినవ్. గని అడిగి తియ్యాలె గద."

"తప్పయింది వదినె."

"ఎల్లుండి నీ బండికి వస్తం. నువ్వేం మాట్లాడకు, బండి నడుపు."

అన్నట్టే ఆ పొద్దున అంజవ్వ తలకు తడిబట్ట కట్టుకుని, మూలుగుతూ బస్సెక్కింది. వెనకాల భిక్షపతి మూట పట్టుకుని, మొఖం గంటు పెట్టుకుని వచ్చాడు. ఆమెకు రెండురోజుల నుంచి కళ్లు మండుతున్నాయట, తల పగిలిపోతోందట, పట్నంలో చూపించకపోతే గుడ్డిదయిపోతుందట. భార్య గుడ్డిదయితే ఎట్లా అని ఆయనకూ భయం పట్టుకుంది. డ్రైవరు పక్క సీటు ఖాళీగా ఉన్నా భిక్షపతి వెనక్కి పోయి కూర్చున్నాడు. శామీర్‌పేట ఎత్తు మీద బండి ఆగితే అందరితోపాటు దిగి నెట్టాడు. నెట్టాక మళ్లీ వెనక సీటుకే పోయాడు.

సికింద్రాబాదులో దిగాక కళ్లద్దాల దుకాణం ఎక్కడో తెలిసిన వాడు దేవదాసు ఒక్కడే. కాబట్టి అతని వెనక నడవక తప్పలేదు. దుకాణంలో ముసలాయన అంజవ్వను ముక్కాలి పీట మీద కూర్చోబెట్టి, గోడకున్న అక్షరాల అట్ట చూపించాడు. ఆమెకు అక్షరాలు రావు. ముసలాయన నవ్వి, సొరుగులోంచి సూది, దారపుండ తీసి ఇచ్చాడు.

"గిది ఎక్కియ్యమ్మా, సూద్దాం."

అంజవ్వ మూలుగుతూనే అందుకుంది. దారం కొన నోట తడిచేసి ఒక్కసారికే ఎక్కించేసింది. అలవాటైన చెయ్యి, ఆపుకోలేకపోయింది. ముసలాయన ఆమె కళ్లలోకి దీపం వేసి చూసి, "నీ కండ్లకు ఏం రోగం లేదమ్మా. ఇంకో ఇరవై ఏండ్లు ఢోక లేదు" అన్నాడు. తర్వాత మాటవరసకు భిక్షపతి వైపు తిరిగి, సూదిలోంచి దారం లాగేసి, ఆయన చేతికిచ్చాడు. "వచ్చినవ్ గదా, నువ్వు గూడ సూస్కో పెద్దమనిషీ."

భిక్షపతి సూదిని పట్టుకున్నాడు. చెయ్యి దూరం జరిపాడు. దగ్గరికి తెచ్చాడు. దారం సూదికి ఇటూ, అటూ పోతోంది. మళ్లీ తడిచేశాడు. నుదుటి మీద చెమట పట్టింది. దేవదాసు బయటికి తిరిగి, రోడ్డు మీద పోయే టాంగాలను చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి వెనక నుంచి భిక్షపతి గొంతు వినిపించింది, మెల్లగా.

"కనవడ్తలేదు."

"గంతే గదా. నలబై దాటినంక అందరికీ గింతే" అన్నాడు ముసలాయన, రోజూ చెప్పే మాటలాగా. గాజు తర్వాత గాజు మార్చి చూశాడు. ఒక్కోదానికీ భిక్షపతి తల అడ్డంగా ఊపాడు. తర్వాత ఒకటి పెట్టగానే ఊపడం ఆగిపోయింది. సూది తీసుకుని, దారం ఎక్కించాడు. మళ్లీ తీసి, మళ్లీ ఎక్కించాడు. చిన్నపిల్లవాడిలా తన అరచేతిని తిప్పి గీతలు చూసుకున్నాడు. తర్వాత అంజవ్వ వైపు చూశాడు.

"నీ నొప్పి తక్కువైనాది?"

"కొద్దిగ" అంది ఆమె, తలకు కట్టిన బట్ట విప్పుతూ.

భిక్షపతికి అంతా అర్థమయింది. కోపం వస్తుందని దేవదాసు అనుకున్నాడు. రాలేదు. భిక్షపతి గొంతు సవరించుకుని అడిగాడు. "ఆ ఫోటువ యాడున్నది? ఆనాడు నాకు అండ్ల మసక తప్ప ఏం కనవడలే. అందరు నవ్విన్రని కోపానికొచ్చిన గని, అండ్ల ఏమున్నదో నాకు ఎర్కనే లేదు."

అంజవ్వ తీసి ఇచ్చింది. భిక్షపతి దుకాణం మెట్ల మీద ఎండలో కూర్చుని, కొత్త అద్దాల్లోంచి దాన్ని చూశాడు. ముందు తనను తను చూసుకున్నాడు. రాట్నం ముందు వంగిన వీపు, నెరిసిన వెంట్రుకలు. "ముసలోన్నైనగదా" అని గొణిగాడు. తర్వాత కళ్లు పక్కకు జరిగాయి. అక్కడే ఉండిపోయాయి. రెండేళ్లుగా ఆయన ఆ మగ్గం పక్కనే కూర్చుంటున్నాడు. కండెల మీద వంచిన తల ఎత్తి ఆ మొఖాన్ని ఏనాడూ చూడలేదు.

"అంజవ్వా, నువ్వు నేసేటప్పుడు నాలిక బయటవెడ్తవానె?"

"ఏంది?"

"గిదో. మూలకు నాలిక వెట్టి పండ్ల నడుమ వట్టినవ్. పలక మీద రాసే పోరలెక్క."

అంజవ్వ వంగి చూసింది. నిజమే. ఇన్నిరోజులూ ఆ ఫోటోను చూసి మురిసిపోయింది గానీ ఆ నాలుక మాత్రం ఆమె కంట పడలేదు. సిగ్గుతో ఫోటో లాక్కోబోయింది. భిక్షపతి ఇవ్వలేదు. చెయ్యి పైకెత్తి, మెట్ల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే నవ్వడం మొదలుపెట్టాడు. చాలాకాలానికి అట్లా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. దేవదాసు వాళ్లకు దూరంగా నిలబడి, మెడలో కెమెరా లేనందుకు మొదటిసారి సంతోషించాడు.

ఆ పొద్దున గూట్లోంచి తీసి తెచ్చిన కెమెరా బండిలో ఉంది. ఆ సాయంత్రం ముగ్గురూ హుస్సేన్‌సాగర్ కట్ట మీదికి పోయినప్పుడు దాన్ని వెంట తీసుకున్నాడు. నీళ్ల మీద ఎండ పచ్చగా పరుచుకుంది. వాళ్లిద్దరూ గోడకు ఆనుకుని నిలబడి పడవల్ని చూస్తున్నారు. దేవదాసు డబ్బాను పొట్టకు ఆనించి, మళ్లీ దించాడు.

"అన్నా, తియ్యాల్నా?"

భిక్షపతి మీసం సవరించుకున్నాడు. "అద్దాలు వెట్టుకొని తియ్యాల్నా, తీసి తియ్యాల్నా?"

"నీ ఇష్టం అన్నా."

"వెట్టుకుంట. నాకు నువ్వు మంచిగ కనవడాలె గదా" అన్నాడు భిక్షపతి. ఆ మాటతో వాళ్ల మధ్య అన్నాళ్లుగా ఉన్న ముడి విడిపోయింది. ఆ రాత్రి దంపతులు అంజవ్వ మేనమామ ఇంట్లో పడుకున్నారు. మర్నాడు తిరుగు ప్రయాణంలో భిక్షపతి డ్రైవరు పక్క సీట్లో కూర్చుని, దారి పక్క మైలురాళ్లను అద్దాలు పెట్టుకునీ తీసీ చూస్తూ వచ్చాడు. పెట్టుకుంటే దూరం మసకయిపోతోందని కాసేపు దుకాణం ముసలాయన్ను తిట్టాడు కూడా.

సిద్దిపేటలో బస్సు దిగాక ఆయన ఇంటికి పోలేదు. బాలయ్య హోటలుకు పోయాడు. దత్తాత్రి సావుకారు పత్రిక చదువుకుంటున్నాడు. అంజన్న మూలన కూర్చుని ఉన్నాడు. భిక్షపతి ఫోటోను బల్ల మీద పెట్టి, అద్దాలు ముక్కు మీదికి ఎక్కించాడు.

"సావుకారీ, ఓ మాట. రెండేండ్ల సంది నేను నీకు తెచ్చిన కోకల మీద గొల్లభామ మా ఇంటామె చేతిది. నాకు కండ్లు ఆనలే. సెప్పుకుంటే పేరువోతదని సెప్పలే. గిప్పుడు సెప్తున్న. నీకు ఇష్టమైతె నూలియ్యి, లేకుంటె లేదు."

అంజన్న నోరు తెరవబోయాడు. బాలయ్య అతని ముందు చాయ్ గ్లాసును గట్టిగా పెట్టాడు. దత్తాత్రి పత్రిక మడిచాడు.

"భిక్షపతీ, నువ్వు నేసిన అంచు తడిమితె గట్టిగ, బిర్రుగ ఉంటుండె. రెండేండ్ల సంది మెత్తగ జారుతున్నది. పెద్దింటి ఆడోళ్లు గదే కావాలంటున్నరు. చెయ్యి మారిందని నాకు ఎర్కనే. ఎవల చెయ్యో ఎర్కలేకుండె. ఆనాడు ఫోటువల సూసిన." ఆయన ఫోటోను భిక్షపతి వైపు జరిపాడు. "నేనెందుకు మాట్లాడుత? గొల్లభామ ముక్కు సక్కగ ఉన్నంత సేపు నాకేంది?"

అట్లా ముగిసింది ఆ గొడవ. అంజన్న ఇంకొన్నాళ్లు వాడలో ఎగతాళి చేశాడు. తర్వాత అతని భార్యే కుట్టు మిషను నేర్చుకుంటానని పట్టుబట్టడంతో గమ్మున ఊరుకున్నాడు. భిక్షపతి మళ్లీ మగ్గమెక్కాడు. కానీ అంజవ్వ రాట్నం దగ్గరికి పూర్తిగా తిరిగి పోలేదు. చీర నడుమంతా ఆయన నేస్తాడు. గొల్లభామ వచ్చే చోట ఆయన లేచి ఆమెకు జాగ ఇస్తాడు. కండెలు ఎవరికి తీరితే వాళ్లు చుడతారు. వీధి తలుపు ఇప్పుడు తెరిచే ఉంటోంది.

ఒకరోజు దేవదాసు అరుగు మీద కూర్చుని ఉంటే లోపలి నుంచి అంజవ్వ కేకేసింది. "దేవదాసూ, గా పెంకు సందుల నుంచి ఎండ దిగింది సూడు. తీస్తవా?"

దేవదాసు లేచి గడప దాకా వచ్చి ఆగాడు. అక్కడి నుంచే పొట్టకు కెమెరా ఆనించి చూశాడు. చీకటి తప్ప అద్దంలో ఏమీ పడడం లేదు. అంజవ్వ భిక్షపతి వైపు చూసింది. భిక్షపతి అద్దాల మీది నుంచి ఇద్దరినీ చూశాడు. వీధిలోకి కూడా ఒకసారి చూశాడు.

"గాడ నిలవడితె ఏం కనవడ్తది?" అన్నాడు. "లోపలికి రా."

దేవదాసు చెప్పులు విడిచి, తల వంచి, లోపలికి అడుగుపెట్టాడు. నేల చల్లగా ఉంది. గంజి వాసన వేసింది. మగ్గం బయటి నుంచి కనబడినదానికంటే చాలా పెద్దది. ఫోటో సరిగా రాలేదు. మీట మూయడం మరిచి చుట్టూ చూస్తూ ఉండిపోయాడు.

ఆ తర్వాత దేవదాసు ఎవరినైనా అడిగే ఫోటో తీసేవాడు. అడిగితే సగంమంది వద్దనేవారు. మిగతా సగంమంది కర్రల్లా బిగుసుకుపోయేవారు. దాంతో బిస్కెట్ల డబ్బా నిండడం ఆలస్యమయింది. మాఘంలో దోస్తులంతా బండి కట్టుకుని కొమురవెల్లి జాతరకు పోయినప్పుడు పసుపు బండారి చల్లుకున్న సారయ్యను తీస్తానంటే, వాడు ముందు మొఖం కడుక్కుని వచ్చాడు. పసుపంతా పోయింది.

ఎండలు ముదిరే కాలంలో ఒకనాడు కుకునూరుపల్లి దాటాక బండి ఆగింది. సారయ్య కొలిమి కెలుకుతున్నాడు. రోడ్డు పక్క తుమ్మచెట్టు నీడలో ఒక ముసలామె మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని, దాని చెవిలోని పిడుదును తీస్తోంది. పెంటవ్వ ఆమె పేరు. ఆ తోవన పోయే డ్రైవర్లందరికీ తెలిసిన మనిషే. దేవదాసు దిగి దగ్గరికి పోయాడు.

"అవ్వా, ఫోటువ తియ్యాల్నా?"

పెంటవ్వ డబ్బాను చూసింది, అతన్ని చూసింది, తన చిరిగిన కొంగును చూసుకుంది.

"గిట్లనా? తల జూడు ఎట్లున్నదో. రేపు రా."

మర్నాడు సికింద్రాబాదు నుంచి వస్తుంటే దూరం నుంచే ఆమె కనబడింది. రోడ్డు మధ్యకే వచ్చి నిలబడింది. తలకు నూనె పెట్టి నున్నగా దువ్వుకుంది. ఉతికిన కోక కట్టుకుంది. పక్కన కొడుకు, కోడలు, కొడుకు నెత్తిన ఎర్ర తలపాగ, చంకలో మేకపిల్ల. దానికి కూడా స్నానం చేయించినట్టున్నారు, వెంట్రుకలు తడిగా నిక్కబొడుచుకుని ఉన్నాయి. దేవదాసు ఎత్తు లేని చోట, కొలిమి మంచిగా మండుతుండగా, బండి ఆపాడు. ప్రయాణికులు కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు.

"ఏమైందే? బండి ఖరాబయిందా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"ఏం కాలే. జెర ఆగున్రి" అన్నాడు సారయ్య, మెట్టు దిగుతూ. "అవ్వ తల దువ్వుకున్నది."

దేవదాసు సూర్యుణ్ణి వీపు వెనక్కి తీసుకుని, డబ్బాను పొట్టకు ఆనించి, తల వంచాడు. చిన్న అద్దంలో ముగ్గురూ కదలకుండా నిలబడ్డారు. మేకపిల్ల మాత్రం ఎర్ర తలపాగ కొసను నోట పట్టుకుని లాగుతోంది.